పిలకాయలు గ్రూపు వదిలేది ఏంటికి?

హోసూరు చుట్టుపక్కల మన పెద్దల నోట ఈమధ్య ఒకటే మాట: "పిలకాయలకి తెలుగు అక్కర్లేదు, అందుకే వాట్సాప్ గ్రూపుల్నించి ఎల్లిపోతా ఉండారు." ఈ మాట మేం ఒప్పుకోం.

అక్కర లేనివాళ్ళయితే అసలు చేరేవాళ్ళే కాదు. ఆర్కుట్ కాలంలో మన ఇళ్ళ పిల్లలు ఇంటిపేరు కొట్టి వెతికింది దేనికి? బళ్ళారిలోనో బరంపురంలోనో మనవాళ్ళు ఎవరైనా దొరుకుతారేమో అని. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. చానామంది అంతకుముందే ఫేస్‌బుక్‌కు పోయినారు. అది గొప్పదని కాదు, చుట్టాలు అక్కడ చేరినారని. 2025లో మన తమిళనాడు కంపెనీ జోహో వాళ్ళ అరట్టై కోసం జనం ఎగబడినారు. అరట్టై అంటేనే కబుర్లు. దించుకున్నారు సరే, కబుర్లాడేవాళ్ళు వాట్సాప్‌లోనే ఉంటే అక్కడ ఎవరితో మాట్లాడేది?

మనుషుల కోసం చేరినవాళ్ళు మనుషుల వల్లే పోతారు. మన గ్రూపుల్లో ఏముందో చూడండి. పొద్దున్నే గులాబీల శుభోదయాలు. ఆపైన అమరావతి, హైదరాబాదు రాజకీయాలు, మనకు ఓటే లేని చోటి తగాదాలు. నడుమ ఒక పిల్ల వాళ్ళ అవ్వ చెప్పిన కథను ఇంగ్లీషు అక్షరాల్లో పెడుతుంది. "తెలుగులో రాయను రాదా?" అని నలుగురి ముందర అడుగుతారు.

రాదు. ఎట్లా వస్తుంది? 2006 చట్టం వచ్చినాక బళ్ళో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, తెలుగు చదువు సన్నగిల్లింది. పోనీ తమిళ అక్షరాల్లో రాస్తామంటే క, గ రెండింటికీ ఒకటే అక్షరం. గాలి, కాలి ఒకే తీరు. అయినా ఆ పిల్ల రాసింది. దానికి మనవాళ్ళిచ్చిన బహుమానం తప్పుల పట్టిక, కింద రెండు నవ్వు బొమ్మలు. "వస్తా ఉండాది" అనేది తెలుగే కాదన్న మహానుభావుడూ ఉన్నాడు. (సినిమా చూసి నేర్చుకున్న తెలుగు, పాపం.)

2022 నుంచి ఎవరైనా గ్రూపు వదిలితే అడ్మిన్లకు తప్ప ఇంకెవరికీ కబురు పోదు. అందుకే ఖాళీ అవుతుండేది పెద్దల కంట పడలేదు.

అడ్మిన్లను మేం అడిగేది ఇదే. "తెలుగు లిపి మాత్రమే" అన్న కట్టడి తీసేయండి. ఇంగ్లీషు అక్షరాలో, తమిళ అక్షరాలో, ఉత్త గొంతు రికార్డో, ఎట్లా వచ్చినా రానీయండి. అక్షరాలు నేర్పాలనుంటే ఆదివారం ఇంటికి పిలిచి పలక చేతికివ్వండి. మా ఇంటి వసారా ఖాళీగానే ఉండాది.