మైనస్ 18కి పూచీ ఎవరిది?

తెల్లవారుజాము మూడున్నర. బట్టర్‌వర్త్‌లో ఒక కోల్డ్ స్టోరేజి ముందు వరసలో మా లారీ ఐదోది. మా లారీ అంటున్నాను గానీ నేను పక్కసీట్లో కూర్చున్న అతిథిని. నడిపే ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దతో కొబ్బరితోటల్లో కూలికి వచ్చాడట. ఈయనకి యాభై దాటాయి. "ఏటి బాబూ, నిద్దరొస్తందా?" అని నన్నడుగుతున్నాడు. నిద్ర రావలసింది ఆయనకి. రెండింటికే బండి తెచ్చి వరసలో పెట్టాడు. మా వంతు వచ్చేసరికి ఐదయింది. ఆ మూడు గంటలకీ ఆయనకి పైసా రాదు. జీతం కొంత, మిగతాది ట్రిప్పుకింత అని లెక్క. ట్రిప్పు అంటే బండి కదిలాకే.

మేము వెళ్లాల్సిన జార్జ్ టౌన్ పెనాంగ్ ద్వీపం మీద ఉంది. 1985 దాకా అక్కడికి వంతెన లేదు, లారీలు ఫెర్రీ ఎక్కాల్సిందే. ఇప్పుడు పదమూడున్నర కిలోమీటర్ల వంతెన ఒకటి, 2014లో దక్షిణాన తెరిచిన 24 కిలోమీటర్ల వంతెన ఇంకొకటి. 2008లో యునెస్కో ఈ ఊరిని మలక్కాతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తిండికి పేరుమోసిన ఊరు కూడా. ఇక్కడి నూడుల్స్ గురించి, సముద్రపు చేపల కూరల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వంటిళ్లకి కోడిమాంసం, రొయ్యలు, ఐస్‌క్రీము మోసుకొచ్చే మనిషి గురించి రాద్దామని ఈ వారం కూర్చున్నాను.

మలేషియాలో ఈ బండిని లోరీ సెజుక్ బెకు అంటారు. గడ్డకట్టే చలి ఉండే లారీ అని అర్థం. దాని గురించి నాకు మొన్నటిదాకా ఒక పొరపాటు అభిప్రాయం ఉండేది: లోపల ఏది పెట్టినా బండి గడ్డ కట్టించేస్తుందని. అలా జరగదు. డబ్బా ముందుగోడకి బిగించిన యంత్రం పని, లోపలికి చొరబడే వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యడం వరకే. టన్నుల సరుకుని చల్లబరిచే సత్తువ దానికి లేదు. మైనస్ 18 డిగ్రీల్లో ఎక్కించిన సరుకుని మైనస్ 18లో దించుతుంది. మైనస్ 10లో ఎక్కించి, దారిలో మైనస్ 18కి తెమ్మంటే దానివల్ల కాదు. పైగా లోపల తిరిగే గాలి త్వరగా చల్లబడుతుంది కనక క్యాబిన్‌లో మీటరు మైనస్ 18 అనే చూపిస్తుంది. అట్టపెట్టె నడిమధ్య ఉన్న రొయ్య మాత్రం ఎక్కినప్పుడు ఎంత వెచ్చగా ఉందో దాదాపు అంతే ఉంటుంది. దించుకునేచోట సూది థర్మామీటరు గుచ్చి చూస్తారు. అంకె తేడా వస్తుంది. ఆ క్షణాన అక్కడ నిలబడి ఉన్నది డ్రైవరు ఒక్కడే కనక తప్పు ఆయన ఖాతాలో పడుతుంది.

ఈ ఉద్యోగంలో అసలు బరువు నాకు ఇక్కడే కనిపించింది. రాత్రి మేలుకోవడం, ఇల్లు పట్టకుండా తిరగడం లారీవాళ్లందరికీ ఉన్నవే. తన చేతిలో లేని చలికి తాను పూచీపడటం వీళ్లకి అదనం.

ఆ రోజు మాకు పదకొండు చోట్ల దింపుడు. పదకొండు చోట్లంటే తలుపు కనీసం పదకొండు సార్లు తెరవాలి. పెనాంగ్ గాలి తెల్లారిగట్ల కూడా ఉక్కగా, తడి బరువుతో ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ తడి లోపలికి దూరి, యంత్రం గొట్టాల మీద మంచుపొరలా పేరుకుంటుంది. పొర మందమైతే గాలి ఆడదు. అప్పుడు యంత్రం తన గొట్టాలని తానే వేడిచేసుకుని మంచుని కరిగించుకుంటుంది. డీఫ్రాస్ట్ అంటారు. అంతసేపూ చల్లగాలి ఆగిపోతుంది. బండిలో నిమిషాల లెక్కన వేడిని రాసుకునే పరికరంలో అది ఒక మూపురంలా కనిపిస్తుంది. చదవడం తెలిసిన గుమాస్తా అయితే సంతకం పెట్టి పంపేస్తాడు. తెలియనివాడైతే డీజిల్ మిగుల్చుకోవడానికి మిషను ఆపేశావా అని నిలదీస్తాడు. అలా ఆపేవాళ్లు లేరని నేననను. వాళ్ల పాపం మిగతా అందరికీ చుట్టుకుంటోంది.

లెబు చూలియా దాటాక సందులు ఇరుకు. పాతకాలపు దుకాణాల వరండాల పక్కన లారీ ఆపడానికి చోటుండదు. దూరంగా ఆపి తోపుడుబండి మీద పెట్టెలు మోయాలి. మన క్లీనరుని అక్కడ కెలిందాన్ అంటారు. ఆ పూట కెలిందాన్ రాలేదు, పెట్టెలన్నీ ఈయనే దించాడు. బయట ఇరవైఆరు, లోపల మైనస్ 18. చెమటతో తడిసిన చొక్కా లోపలికి వెళ్లగానే అట్టముక్కలా బిగుసుకుంటోంది. బయటికి రాగానే కళ్లద్దాలకి ఆవిరి పట్టేస్తోంది. తుడుచుకుని మళ్లీ లోపలికి. ఏడో చోటికి మోకాలు పట్టుకుని మెట్టు ఎక్కాడు. నేనూ రెండు పెట్టెలు అందుకోబోతే వద్దన్నాడు: "మీరు జారతారు బాబూ, నేల మంచు."

కౌలాలంపూర్ ట్రిప్పు పడితే దారిలో బండిలోనే పడక. తల వెనకాలే యంత్రం రాత్రంతా మోగుతుంది. ఆపడానికి లేదు. ఆ మోతలోనే నిద్రపోతాడు, మోత కాస్త మారితే మాత్రం టక్కున మెలకువ వస్తుందట. ఇంట్లో పడుకున్నప్పుడు చప్పుడు లేక నిద్ర పట్టదని చెప్పాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ఒక మనిషి చెవిని ఎలా మలిచిందో విని నాకు మాట రాలేదు.

2025 మే 13న తెలుక్ ఇంతాన్‌లో కంకర లారీ ఢీకొని తొమ్మిదిమంది పోలీసులు చనిపోయారు. చిత్రాపౌర్ణమి ఉత్సవం బందోబస్తు ముగించుకుని తిరిగి వెళుతున్నవాళ్లు. ఈ డ్రైవరు పెరిగిన ప్రాంతానికి అది దగ్గరే. ఆ ఏడాది అక్టోబరు నుంచి లారీలకి వేగాన్ని కట్టడిచేసే పరికరాలని దశలవారీగా తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ గోడౌను గుమ్మం దగ్గర మూడు గంటలు పోగొట్టుకున్నవాణ్ణి, హోటలు తలుపు తీసే వేళకి చేరాలని తొందరపెడుతున్నదెవరు? బండి వేగానికి కళ్లెం వేశాం, గుమ్మం దగ్గరి ఆలస్యానికి వెయ్యలేదు. మలేషియాలో 2023 జనవరి నుంచి వారానికి 45 గంటలే పని. మన దేశంలో మోటారు రవాణా కార్మికులకి రోజుకి ఎనిమిది గంటలని 1961 చట్టమే చెప్పింది. వరసలో కాచుకున్న గంటల్ని పనిగా లెక్కిస్తేనే ఈ అంకెలకి విలువ.

ఇది పరాయి ఊరి సంగతి అనుకోవద్దు. భీమవరం రొయ్య మైనస్ 18లోనే విశాఖ రేవుకి వెళుతుంది. ఆ పెట్టెకి ఆ చలి ఎన్నో ఏళ్లుగా హక్కు. లారీ నడిపే మనిషి క్యాబిన్‌లో ఏసీ ఉండితీరాలన్న నిబంధన మాత్రం 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన బండ్లకే వచ్చింది. కంటెయినరుని గడువు దాటి అట్టేపెట్టుకుంటే ఓడ కంపెనీకి డిటెన్షన్ రుసుము కట్టాలి. ఇనపపెట్టె ఆగిన కాలానికి ధర ఉన్నప్పుడు మనిషి ఆగిన కాలానికి ఎందుకుండదు? గంట దాటిన ప్రతి గంటకీ డబ్బు ఇవ్వాలి, ఆ డబ్బు ఆలస్యం చేసిన గోడౌనే ఇవ్వాలి. సరుకు ఎక్కించేటప్పుడు డ్రైవరు ఎదుటే నాలుగు పెట్టెలకి థర్మామీటరు గుచ్చి, అంకె చలానా మీద రాసి, సంతకం చేసి, ఒక కాపీ ఆయన చేతికి ఇవ్వాలి. ఐదు నిమిషాల పని. కొనేవాడు అడిగితే చేస్తున్న పనే, నడిపేవాడు అడిగినా చెయ్యాలి.

ఆ పొద్దున ఐదింటికి సరుకు ఎక్కుతున్నప్పుడు ఈయన జేబులోంచి సొంత డబ్బుతో కొనుక్కున్న సూది థర్మామీటరు తీశాడు. ఐస్‌క్రీము పెట్టె ఒకదానికి గుచ్చి, అక్కడి కుర్రాడికి చూపించాడు. కుర్రాడు చూసి, తల అడ్డంగా ఊపి, తలుపు మూసేశాడు. పది గంటలకి చౌరస్తా మార్కెట్ దగ్గర ఆఖరి దింపుడులో రెండు పెట్టెలు మెత్తబడ్డాయని తిప్పి పంపారు. ఆయన వాదించలేదు. కాగితం మీద సంతకం పెట్టి, క్యాబిన్ ఎక్కి, సన్‌వైజర్ వెనకనుంచి ఒక చిన్న పుస్తకం తీశాడు. అందులో ఆ రోజు తేదీ, 5.10, మైనస్ 11 అని ముందే రాసి ఉంది. దాని కింద, రెండు వాపసు అని మలయులో రాసుకున్నాడు. వెనక పేజీలు తిప్పి చూపించాడు, ఏళ్ల తరబడి అలాంటి వరసలే. ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అన్నాను.

"లేదు బాబూ" అని పుస్తకం మళ్లీ అక్కడే పెట్టాడు.