రంగు నిలవాలి, అప్పుడే కరెంటు

మా నల్లపాడు చుట్టుపక్కల మిరప కళ్లాలు చూసినోళ్లకి కొత్తగా చెప్పేదేముంది? ఎండలో ఆరితేనే కాయకి ధర. అదే కాయని వెలుగులో, గాలిలో నెలల తరబడి వదిలేస్తే రంగు దిగిపోద్ది, ధరా దిగిపోద్ది. టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీలకి తోలేది అందుకే గదా. కొత్త రకం సోలార్ గురించి చదువుతుంటే నాకు ఆ కాయే గుర్తొచ్చింది.

దాని పేరు ఆర్గానిక్ సోలార్ సెల్. ఆర్గానిక్ అంటే జీవామృతం, పేడ ఎరువు అనుకునేరు. కాదు. సిలికాన్ బదులు కార్బన్ అణువులతో వెలుగుని కరెంటుగా మార్చడం. మిరప ఎరుపు కూడా అట్టాంటి కార్బన్ గొలుసే. 1986లో చింగ్ టాంగ్ చూపించిన సెల్లు సామర్థ్యం 1 శాతం. ఇప్పుడు ల్యాబుల్లో 19 శాతం దాటింది. పల్చన, తేలిక, ప్లాస్టిక్ షీటు మీద సిరా మాదిరి అచ్చెయ్యొచ్చు.

మనకెందుకంటారా? పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కానీ ప్యానెల్ బిగించడానికి పనికొచ్చే కప్పు ఉండాల. డాబా ఉన్నోళ్లకి సరే, పాత రేకుల ఇంటోళ్ల సంగతేంది? అద్దాల ప్యానెళ్ల బరువు ఆ రేకులు మొయ్యలేవు. తేలిక సోలార్ నిలబడితే బాగుపడేది వాళ్లే.

నిలబడటమే చిక్కు. సిలికాన్‌కి 25 ఏళ్ల వారంటీ ఇస్తన్నారు. ఈ కార్బన్ పొర మాత్రం అతినీలలోహిత కిరణాలకి, ఆక్సిజన్‌కి, తేమకి మిరప రంగు మాదిరే చెడిపోద్ది. పైగా కరెంటుని బయటికి లాగడానికి మామూలుగా వాడే పెడాట్ అనే ప్లాస్టిక్ పొరకి ఆమ్ల గుణం. తేమ పీల్చి పక్క పొరని తినేస్తది.

ఇక్కడే ఖనిజాలు ఆదుకుంటన్నాయి. పెడాట్ స్థానంలో మాలిబ్డినం ఆక్సైడ్, రెండో పక్క జింక్ ఆక్సైడ్, పైన తేమ దూరకుండా అల్యూమినియం ఆక్సైడ్ పూత. అన్నీ సాఫీగా లేవు. ఎండ తగిలితే జింక్ ఆక్సైడే పక్కనున్న కార్బన్ అణువుల్ని విరగ్గొడతది. అందుకని దాని బదులు టిన్ ఆక్సైడ్ వాడి చూస్తన్నారు.

రంగుకీ ఖనిజానికీ జత కట్టడంలో మనోళ్ల చెయ్యీ ఉంది. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ స్విట్జర్లాండ్‌లో గ్రాట్జెల్ బృందంతో కలిసి, రుథీనియం రంగుని టైటానియం డయాక్సైడ్ మీద అంటించి 1993లోనే 10 శాతం దాకా సాధించారు.

నేననేది ఒకటే. ప్యానెళ్లకి 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటల పరీక్ష ఉంది. మన దగ్గర అమ్మేదానికి అది చాలదు. రెంటచింతల ఎండలో, ఆ తర్వాత వచ్చే వానలో, రేకు మీదే పెట్టి చూడాల. ఎంత శాతం అని కాదు, ఎన్నేళ్లు అని అడగాల. అప్పు తీరకముందే రంగు దిగిపోయే సోలార్ పేదోడికి తాలు కాయతో సమానం.