నడవడికకు కావలసింది మైదానం, పీరియడ్ కాదు

విద్యార్థుల సర్వతోముఖ వికాసం, సత్ప్రవర్తన. ఈ రెండు మాటలు లేకుండా ఈ దేశంలో ఏ విద్యావిధాన పత్రమూ వెలువడలేదు. 1952లో నియమితమైన మొదలియార్ కమిషన్ శీలనిర్మాణాన్ని మాధ్యమిక విద్య లక్ష్యాలలో చేర్చింది. 1999లో ఎస్.బి. చవాన్ నాయకత్వంలోని పార్లమెంటరీ సంఘం సత్యం, ధర్మం, శాంతి, ప్రేమ, అహింసలను బడిలో బోధించమంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో బాలల సర్వతోముఖ వికాసం చట్టబద్ధమైన బాధ్యతగా మారింది. 2020 జాతీయ విద్యావిధానం మార్కుల జాబితాకు బదులు సమగ్ర ప్రగతి పత్రం రావాలంది. డెబ్బై ఏళ్లకు పైగా ఇదే మాట వినిపిస్తున్నదంటే లోపం పిల్లలలో లేదు, చెప్పేవారి చేతలలో ఉంది. ఆ సంగతి తెలుసుకోవాలంటే భిలాయ్‌ని చూడాలి.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలిమితోపాటే ఊరూ లేచింది. సెక్టార్లలో బడులు, ఆసుపత్రి, ఆటస్థలాలు, సివిక్ సెంటర్, చిత్రకళా ప్రదర్శనశాల వచ్చాయి. ఉత్తరాంధ్ర నుంచి వలసవెళ్లిన తెలుగువారి బిడ్డ, మలయాళీ బిడ్డ, బెంగాలీ బిడ్డ, ఛత్తీస్‌గఢీ బిడ్డ ఒకే బల్లపై కూర్చున్నారు. జాతీయ సమైక్యత అక్కడ ప్రతిజ్ఞ చేయించి నేర్పవలసిన పాఠం కాలేదు, పక్కవాడి టిఫిన్ డబ్బాలోనే దొరికింది. ప్రభుత్వరంగం ఇటుకా సున్నంతో కట్టిన సర్వతోముఖ వికాసం అది.

ఆ ఊరు మార్కులకు అందని ప్రతిభకూ చోటిచ్చింది. భిలాయ్ సమీపంలోని గనియారీలో పుట్టిన తీజన్‌బాయికి బడి చదువు లేదు. చిన్నతనంలోనే పెళ్లి చేశారు. ఆడది పాండవానీ పాడరాదని కులం వెలివేసింది. ఆమెకు ఉద్యోగమిచ్చినది భిలాయ్ ఉక్కు కర్మాగారం. మహాభారత గాథను ప్రపంచ వేదికలకు చేర్చిన ఆ గాయనిని దేశం 2019లో పద్మవిభూషణ్‌తో గౌరవించింది. నేటి ప్రవేశపరీక్షల జల్లెడలో ఆమె ఏ కన్నం గుండా నిలిచేది? ఈ ప్రశ్నకు ర్యాంకుల ప్రకటనలు జవాబివ్వవు.

అయితే ఆ ఊరిని స్వర్గమని వర్ణించడం అబద్ధమే అవుతుంది. సెక్టార్లలోని సౌకర్యం ఖుర్సీపార్ వంటి బస్తీలలోని కాంట్రాక్టు కూలీల బిడ్డలకు అందలేదు. భిలాయ్‌కి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులలో శంకర్ గుహా నియోగి నాయకత్వాన కాంట్రాక్టు కార్మికులు 1977లో సంఘం కట్టారు. వారు కూలీ పెంపుతో ఆగలేదు. సారాకు వ్యతిరేకంగా ఉద్యమించారు, బడులు పెట్టారు, తమ చందాలతో, తమ చేతులతో 1983లో షహీద్ ఆసుపత్రిని నిలబెట్టారు. శీలనిర్మాణమంటే అది. ఆ నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయ్‌లోనే నిద్రలో కాల్చి చంపారు. పౌరధర్మం బోధించదలచిన ఉపాధ్యాయునికి ఆ నేలపై ఇంతకు మించిన పాఠం ఎక్కడ దొరుకుతుంది?

తరువాతి దశాబ్దాలలో కర్మాగారంలో స్థిర ఉద్యోగాలు తగ్గుతూ వచ్చాయి, వాటితో పాటు కర్మాగారం నడిపే బడులూ తగ్గాయి. కోచింగ్ బోర్డులు పెరిగాయి. 2016లో ఐఐటీ కూడా వచ్చింది. గర్వించదగినదే. కానీ లెక్క చూడాలి. 2024లో జేఈఈ మెయిన్‌కు పద్నాలుగు లక్షల మందికి పైగా పేరు నమోదు చేసుకున్నారు, దేశంలోని 23 ఐఐటీలలో కలిపి ఉన్న సీట్లు పద్దెనిమిది వేల లోపే. కొలిమి దగ్గర స్థిరమైన ఉద్యోగం ఉన్న రోజులలో సాధారణ విద్యార్థికీ గౌరవంగా బతికే దారి ఉండేది. ఆ దారి మూసుకుపోయాక తల్లిదండ్రులకు మిగిలింది ఒకే ఇరుకు ద్వారం. పిల్లవాడిని మైదానం నుంచి లాక్కొచ్చి కోచింగ్‌లో కూర్చోబెట్టే తండ్రిని అత్యాశపరుడని నిందించడం సులభం. ఆయనది ఆశ కాదు, భయం. ఆ భయాన్ని సృష్టించినది ఉపాధి విధానం. అందుకే సర్వతోముఖ వికాసం నీతిపాఠాల సమస్య కాదు, అచ్చమైన రాజకీయ సమస్య.

ఇక నడవడిక సంగతి. 2024 నవంబర్‌లో సీబీఎస్ఈ ‘డమ్మీ’ విద్యార్థులను చేర్చుకున్నందుకు ఢిల్లీ, రాజస్థాన్‌లలోని 21 బడుల గుర్తింపును రద్దు చేసింది. పిల్లవాడు కోచింగ్‌లో ఉంటాడు, హాజరుపట్టీలో మాత్రం బడిలో ఉంటాడు. బడి, కోచింగ్ సంస్థ, తల్లిదండ్రులు కలిసి రోజూ ఒక అబద్ధం రాస్తారు, పిల్లవాడు చూస్తుంటాడు. ఆ పట్టీ పక్కనే గోడమీద ‘సత్యమేవ జయతే’ ఉంటుంది. మొక్కై వంగనిది మానై వంగదంటారు. ఇక్కడ మొక్కను వంకరగా వంచుతున్నది పెద్దలే.

తెలుగు రాష్ట్రాలు దీనికి అతీతం కావు, ఈ విద్యలో అవి గురుపీఠాలు. విశాఖపట్నంలో ‘నీట్’కు సిద్ధమవుతున్న పదిహేడేళ్ల బాలిక మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు జారీచేసింది. వంద మందికి పైబడి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థుల సంఖ్య జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 13,044. పాలకులు ఇన్ని చావుల మధ్య విలువల విద్యకు వారానికో పీరియడ్ కేటాయించి చేతులు దులుపుకొంటున్నారు.

కొత్త పథకాలు అక్కరలేదు. ఉన్న చట్టం చాలు. ప్రతి బడికీ ఆటస్థలం, గ్రంథాలయం ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమంది దాటితే చిత్రకళకు, వ్యాయామానికి, పనివిద్యకు బోధకులను నియమించమంటోంది. పదహారేళ్లు నిండనివారిని కోచింగ్‌లో చేర్చుకోరాదని కేంద్రం 2024 జనవరిలో చెప్పింది. ఎన్నికల సభలలో పిల్లల శీలం గురించి ఉపన్యసించే నాయకులను ఓటర్లు అడగవలసినవి మూడే ప్రశ్నలు. మీ నియోజకవర్గంలో ఎన్ని బడులకు మైదానం ఉంది? ఎన్ని బడులకు వ్యాయామోపాధ్యాయుడున్నాడు? ఎన్ని గ్రంథాలయాల తాళం రోజూ తెరుచుకుంటోంది?

భిలాయ్ టౌన్‌షిప్ ఆటస్థలాల గేట్లు ఖుర్సీపార్ పిల్లలకు కూడా తెరిస్తే వచ్చే నష్టమేమీ లేదు. ఉక్కును ముడి ఇనుము నుంచి మలిచే పద్ధతి ఆ ఊరికి బాగా తెలుసు. ముడి ఖనిజాన్ని ఎవరూ తిట్టి ఉక్కుగా మార్చలేరు. దానికి తగినంత వేడి, కాలం, అనుభవమున్న చేతులు కావాలి. పిల్లలకు కూడా అంతే.