నలభై శాతం లోపు నొప్పి

కడియం, కడియపులంక నర్సరీల మొక్కలు దేశమంతా వెళ్తాయి. వాటికి సంచుల్లో మట్టి నింపి, అంట్లు కట్టి, కలుపు తీసేవాళ్లలో ఎంతోమంది స్త్రీలు. రోజంతా గొంతుకూర్చుని చేసే పని అది. నడుం పట్టేసిన రోజు కూలి ఉండదు.

జబ్బుపడిన కార్మికులకు భృతి ఇవ్వాలన్నది కొత్త ఆలోచనేం కాదు. 1948లోనే ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. ఏడాదికి 91 రోజుల వరకూ వేతనంలో 70 శాతం ఇచ్చే ఏర్పాటు ఆ పథకంలో ఉంది. కానీ జీతాల చిట్టాలో పేరుండాలి. ఏ పుస్తకంలోనూ పేరు లేని రోజుకూలీ స్త్రీకి అది అందదు.

ఇక మిగిలింది వికలాంగుల పింఛను. 2024లో మన రాష్ట్రంలో దాన్ని 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచారు. మంచిదే. అయితే సదరం డాక్టర్లు కనీసం 40 శాతం వైకల్యం ఉందని రాయాలి. ఇరవై ఏళ్ల కూలిలో అరిగిన మోకాళ్లు చాలాసార్లు ఆ కొలతకు రావు. పింఛను పొందుతున్నవారిని 2025లో మళ్లీ పరీక్షలకు పిలిచారు. అనర్హుల ఏరివేత మీద జరిగినంత చర్చ, అసలు జాబితాకే ఎక్కని స్త్రీల గురించి జరిగిందా?

కూలికి వెళ్లలేని స్త్రీని 'ఇంట్లోనే ఉంటోంది' అంటాం. ఆ ఇంట్లో ఆమె వండుతూ, నీళ్లు మోస్తూ, మనవలను సాకుతూనే ఉంటుంది. ఆమె జబ్బూ లెక్కలోకి రాదు, పనీ రాదు.

నర్సరీ యజమానులు కూలీల పేర్లు, పనిదినాలు రాసిపెట్టాలి. ఆ లెక్క ప్రకారం ప్రభుత్వం జబ్బు రోజులకు భృతి ఇవ్వాలి. సదరం పరీక్ష అవయవంతోపాటు ఆమె చేసే పనిని కూడా చూడాలి. ఈ భృతికి కట్టాల్సిన చందా ఆ స్త్రీలు తమ ఒంటితో ఎప్పుడో కట్టేశారు.