శక్తికి తగిన సంయమనం

1962లో అమెరికాకు చెందిన రేసు డ్రైవరు కరోల్ షెల్బీ, బ్రిటన్‌లో ఏ.సి. సంస్థ నిర్మించే తేలికపాటి కారులో బలమైన ఫోర్డ్ ఇంజనును అమర్చి ‘కోబ్రా’ను రూపొందించాడు. ఆ దశకంలో సుమారు వెయ్యి కార్లు మాత్రమే తయారయ్యాయి. అందుచేత ఔత్సాహికులు నేటికీ వాటి నకళ్ళను నిర్మించుకొంటున్నారు.

ఈ నకళ్ళ అందం కనులపండువే. కాని వాటి బరువు తక్కువ, ఇంజను బలం ఎక్కువ. చక్రాల జారుడును అరికట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు గాని, ఎయిర్‌బ్యాగులు గాని చాలావాటిలో ఉండవు. యాక్సిలరేటరుపై పాదం కొంచెం అదుపు తప్పినా వెనుక చక్రాలు పట్టు కోల్పోవచ్చు. వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్రం చెబుతున్నది.

‘కారు నాది, ప్రాణం నాది, ఇతరులకేమి?’ అనేవారున్నారు. ఈ వాదం సమంజసం కాదు. కారు సొంతమే గాని, రహదారి అందరిదీ. ప్రక్కన కూర్చున్న మిత్రుడు గాని, దారి దాటుతున్న బాలుడు గాని తమ ప్రాణాలను పందెం ఒడ్డలేదు కదా! కనుక చోదకుని బాధ్యత కారును నిర్మించే నాడే మొదలవుతుంది. అలంకారాలకంటె ముందు దృఢమైన సీటుబెల్టులు, మంచి బ్రేకులు, కారు బోల్తాపడినపుడు తలను కాపాడే ఉక్కు కమాను అమర్చుకోవాలి. వేగపు ముచ్చటను రేసు మైదానంలోనే తీర్చుకోవాలి.

ఇంజను బలాన్ని ధనంతో కొనవచ్చు; సంయమనాన్ని మాత్రం అభ్యాసంతోనే సాధించాలి.