అయస్కాంత మానములు – పరిభాషా నిర్ణయము

రాయపూరు లోహవిద్యకు నెలవైన పట్టణము. అచ్చటి జాతీయ సాంకేతిక సంస్థకు మూలము 1956లో శంకుస్థాపన జరిగిన గనుల, లోహశాస్త్రముల కళాశాల. చేరువనే భిలాయి ఉక్కు కర్మాగారము. దక్షిణమున బైలదిల్లా ఇనుపగనులు. ఆ ఖనిజము రైలుమార్గమున విశాఖపట్టణము చేరుచున్నది. ఇనుము ఎల్లలు దాటినంత సులభముగా దానిని గూర్చిన పరిభాష దాటుట లేదు.

హిందీలోని ‘చుంబకము’ తెలుగున ‘అయస్కాంతము’. రెండును సంస్కృతశబ్దములే, కాళిదాసు కుమారసంభవమున అయస్కాంతమును పేర్కొనినాడు. ఈ భేదమువలన హాని లేదు. హాని యంతయు మానముల కడ నున్నది.

పదార్థముపై పనిచేయు క్షేత్రతీవ్రత యొకటి, పదార్థములో నేర్పడు ప్రేరణ మరియొకటి. 1930లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము మొదటిదానికి అయిర్‌స్టెడ్, రెండవదానికి గాస్ అను మానములను వేరుపరచినది. ఆ పద్ధతిలో శూన్యమున రెండింటి సంఖ్య యొకటే గనుక, ‘అయస్కాంత క్షేత్ర’ మను నొక్కమాట రెండింటికిని చెల్లినది. 1960లో వెలసిన అంతర్జాతీయ మానపద్ధతిలో ఆ వెసులుబాటు లేదు. ప్రేరణకు టెస్లా, అనగా 10,000 గాస్‌లు. తీవ్రతకు మీటరుకు ఆంపియరు. ఒక అయిర్‌స్టెడ్ మీటరుకు సుమారు 79.58 ఆంపియర్లు. అయినను తెలుగున ఆ యొక్కమాటయే రెండర్థములను మోయుచున్నది.

ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాదము మరియొకటి కలదు. పదార్థము క్షేత్రమునకు ఎంతగా లోబడునో తెలుపు గ్రహణశీలతకు, ఘనపరిమాణమునుబట్టి గణించినపుడు, మానమే లేదు. అయినను కొత్త పద్ధతిలోని సంఖ్య పాతదానికి 4π రెట్లు, అనగా సుమారు 12.57 రెట్లు. పద్ధతి పేరు వదలి పట్టికను అనువదించినచో, తప్పును పట్టియిచ్చు గుర్తే యుండదు.

మానముల పేళ్లకు సంస్కృతసమములు కల్పింపవలెనను వాదము నిలువదు. అవి మహనీయుల నామములు. 1961లో నేర్పడిన శాస్త్రీయ సాంకేతిక పదావళీ సంఘము సైతము వానిని యథాతథముగా నిలిపినది. స్వభాషలో స్థిరపడవలసినవి రాశుల పేళ్లు. ఒక రాశికి ఒకే పేరు, ఒక పేరునకు ఒకే రాశి యుండవలెను. నిఘంటువున ప్రతి పేరుతోను సంకేతము, ఉభయపద్ధతుల మానములు, మార్పిడి గుణకము చేరవలెను. హిందీ సమపదము నుండుట మరియు మేలు.

పర్యాయపదములు కావ్యమునకు సంపద. కొలతకు మాత్రము అవి ఋణము. ఆ ఋణమును తీర్పవలసినవాడు భౌతికశాస్త్రజ్ఞు డొక్కడే కాడు, భాషాపండితుడు కూడ.