పెట్టె పంచే ముందు ఒక్క పంటకాలం ఆగండి

కొన్నేళ్ల కిందట మన సంఘం తరఫున గురజాల చుట్టుపక్కల ఊళ్లలో మందు కొట్టే వాళ్లకు మాస్కులు, చేతి తొడుగులు పంచాం. ఫొటోలు దిగాం. నెల తిరక్కుండానే అవన్నీ గొడ్ల చావిళ్లలో మేకులకు వేలాడుతూ కనపడ్డాయి. ఎందుకు వాడట్లేదని అడిగితే ఒక కూలీ సోదరుడు సూటిగా చెప్పాడు: "ఆ ఉక్కలో అది పెట్టుకుంటే ఊపిరాడదన్నా. చెమటకి తొడుగు జారిపోయి ట్యాంకు మూత కూడా తిరగదు. మీలో ఎవరన్నా ఒక్క ట్యాంకు కొట్టి చూశారా?"

చూడలేదు. రెంటచింతల ఎండ పక్కనే పుట్టి పెరిగిన మేమే ఆ ఎండను మర్చిపోయి పంచాం. తప్పు మాదే. నలుగురికి ముందు ఇచ్చి పది రోజులు చూసుంటే ఆ డబ్బు మిగిలేది, ఇంకేదన్నా మంచి దారి దొరికేది.

ఈ పాత సంగతి ఇప్పుడు ఎందుకంటే, మన సమావేశాల్లో మళ్లీ మళ్లీ ఒక మాట వస్తోంది. పురుగుమందులు దాచుకోవడానికి ఇంటింటికీ తాళం వేసే పెట్టె ఇప్పించమని ప్రభుత్వాన్ని అడుగుదామని. ఆ మాట వెనకున్న బాధ మనందరికీ తెలుసు. 1987లో పత్తిని తెల్లదోమ ఊడ్చేసినప్పటి నుంచీ ఈ నేల మీద ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో చూస్తూనే ఉన్నాం. అప్పు బాధో, ఇంట్లో మాటా మాటా అనుకోవడమో, ఆ గడియలో మంచం కింద డబ్బా చేతికందితే మనిషి దక్కట్లేదు. అందకపోతే ఆ గడియ దాటుతుంది. చాలామంది మళ్లీ ఆ పని తలపెట్టరు కూడా. కాబట్టి పెట్టె ఆలోచన చెడ్డదని మేము అనడం లేదు. అది మన ఇళ్లలో నిలబడుతుందో లేదో ముందు చూడమంటున్నాం.

శ్రీలంకలో ఏం జరిగిందో చూడండి. అక్కడి రైతులూ మనలాంటి వాళ్లే. ముందు కొద్ది ఊళ్లలో పెట్టెలిచ్చి, కొన్ని నెలల తర్వాత వెళ్లి చూశారు. ఎక్కువమంది సంతోషంగా తీసుకున్నారు, తాళాలూ వేస్తున్నారు. కాగితం మీద చూస్తే పథకం బాగా నడిచినట్టే. కానీ ఇంకో సంగతి కూడా బయటపడింది. అంతకుముందు మందును పొలంలోనే దాచుకునే వాళ్లు, పెట్టె వచ్చాక దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. దూరంగా ఉన్న విషం పెట్టెతోపాటు ఇంట్లోకి వచ్చింది. 2007లో అచ్చయిన ఈ పరిశీలన, ఇంట్లో ప్రమాదం పెరగవచ్చని అప్పుడే హెచ్చరించింది. ఆఫీసులో కూర్చున్న వాళ్లకు ఇది ఎలా తెలుస్తుంది? ఊరికి వెళ్లి చూస్తేనే తెలిసింది.

ఆ తర్వాత అనురాధపుర జిల్లాలో 180 ఊళ్లలో, 53 వేలకు పైగా ఇళ్లతో పెద్ద పరీక్ష పెట్టారు. సగం ఊళ్లకు పెట్టెలిచ్చారు, సగం ఊళ్లకు ఇవ్వలేదు. ఏళ్ల తరబడి లెక్కలు తీశారు. 2017లో ఫలితం వచ్చింది. మందు తాగడం పెట్టెలున్న ఊళ్లలో తగ్గినట్టు తేలలేదు.

దీన్నించి మనం రెండు సంగతులు నేర్చుకోవాలి. ఒకటి, జనం వాడలేని వస్తువు ఎంత మంచిదైనా దండగే. అందుకే చిన్న పరీక్ష ముందు జరగాలి. రెండు, జనం వాడినంత మాత్రాన ప్రాణాలు నిలిచినట్టు కాదు. అందుకే పెద్ద పరీక్ష కూడా కావాలి. విత్తనం మొలకెత్తుతుందా అని గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తాం. మొలకొస్తే చేలో వేస్తాం. మొలకొచ్చింది కదా అని దిగుబడి వచ్చేసినట్టు చెప్పుకోం.

మన పక్క రాష్ట్రంలో ఇంకో దారి పట్టారు. తమిళనాడు కడలూరు జిల్లాలో పూలతోటలు వేసే రెండు ఊళ్లలో, ఇంటికో పెట్టె కాకుండా ఊరంతటికీ కలిపి ఒక గది కట్టారు. బ్యాంకు లాకర్లలాగా రైతు రైతుకూ విడి అరలు, చూసుకోవడానికి మనుషులు. ఆ గదుల్ని ఊరివాళ్లను కలుపుకునే కట్టారు. రైతులు వాడతారా లేదా అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. వాడారు. 2013లో ఆ వివరాలు అచ్చయ్యాయి. రెండు ఊళ్ల అనుభవంతో దేశమంతటికీ తీర్పు చెప్పలేం గానీ, అడుగు వేసిన పద్ధతి మాత్రం సరైంది.

మరి పల్నాడు సంగతేంటి? మిరపకు మందు కొట్టే రోజుల్లో రైతు తెల్లారకముందే చేలో ఉండాలి. గదికి తాళం తీసేవాడు ఎనిమిదింటికి వస్తే కుదురుతుందా? ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో పొలం ఉన్నవాడు సగం మిగిలిన డబ్బాను మళ్లీ మోసుకొచ్చి అప్పగిస్తాడా, గట్టు మీద పొదలో దాస్తాడా? ఒక్క గది ఇంట్లో ఉండే కౌలు రైతు పెట్టె ఎక్కడ పెట్టుకుంటాడు? తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? అప్పు బాధ మోసేదీ ఇంటి పెద్దే, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేదీ ఇంటి పెద్దే అయితే ఆ తాళం ఎవరిని ఆపుతుంది? వీటికి జవాబులు మన ఆడవాళ్లకు, కూలీలకు, ఆశా కార్యకర్తలకు తెలుసు. వాళ్లను అడిగిన అధికారి మాకింతవరకూ కనపడలేదు.

మనుషులు చచ్చిపోతుంటే ఇంకా పరీక్షలేంటని కొందరు మిత్రులు కోప్పడుతున్నారు. ఆ కోపం న్యాయమైందే. కానీ ఒక పంటకాలం చూడకుండా కోట్లు పోసి పంచిన వస్తువు మూలన పడితే, పదేళ్లదాకా ఇంకే ఆలోచనకూ పైసా రాదు. పైగా "ఇచ్చాం కదా, వాళ్లే వాడుకోలేదు" అని నింద రైతు మీదే పడుతుంది.

పరీక్షలు అక్కర్లేని పనీ ఒకటుంది. అతి ప్రమాదకరమైన మందుల్ని అంగట్లో లేకుండా చేయడం. శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్, మెథామిడోఫాస్‌లను ఆపేసింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. పంట దిగుబడులు దానివల్ల కూలిపోలేదు. మన దగ్గర 2020 మేలో కేంద్రం 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చింది. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి జాబితాలో కొన్నే మిగిలాయి. పెట్టెల మాట ఎత్తి ఈ మాట దాటేయడానికి మేము ఒప్పుకోం. విషం అమ్మేవాడిని వదిలేసి తాళం బాధ్యత మాత్రం రైతు మీద వేస్తే ఎలా?

కాబట్టి మేము కోరేది ఇదీ. గురజాల డివిజన్‌లో ఒక పత్తి ఊరు, ఒక మిరప ఊరు ఎంచుకోండి. ఒక ఊళ్లో ఇంటి పెట్టె, ఇంకో ఊళ్లో ఉమ్మడి గది పెట్టి, విత్తనం దగ్గర్నుంచి ఆఖరి కోతదాకా చూడండి. చూసే కమిటీలో కౌలు రైతులు, మహిళా కూలీలు సగమన్నా ఉండాలి. ఎన్ని పెట్టెలు పంచామన్న లెక్క వద్దు. నాలుగో నెలలో ఎన్నిటికి తాళం ఉంది, పొలంలో ఉండే మందు ఎంత ఇంటికి చేరింది, ఆ లెక్కలు తీసి గ్రామసభలో చదవండి. పనికిరాదని తేలితే పనికిరాదనే చెప్పండి. మేము తప్పు పట్టం. బాగుంటే ఎక్కువ ఊళ్లలో పెట్టి, ప్రాణాలు నిలుస్తున్నాయో లేదో తేల్చండి.

ఈలోపు సభ్యులందరికీ ఒక మనవి. మనసు బాగోలేక మాట తగ్గించిన తోటి రైతు కనపడితే ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కూర్చోండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును ప్రతి మందుల కొట్టు గోడ మీదా మన సంఘమే రాయిద్దాం. ఈసారి మాత్రం ముందు రెండు కొట్ల దగ్గర రాయించి, ఎవరన్నా చదువుతున్నారో లేదో చూసి మరీ మిగతావి రాయిద్దాం.